ఆఖరి మనిషికి అందని గిన్నె

2024వ సంవత్సరం నవంబరు నెల పద్నాలుగో తేదీ, గురువారం నాడు, నంద్యాల జిల్లా (మొన్నటిదాకా కర్నూలు జిల్లా, నా నోటికి ఇంకా అదే వస్తుంది) బేతంచెర్ల మండలం రాళ్లకొత్తూరు గ్రామంలో కాపురముంటున్న, కీర్తిశేషులు లేవి గారి పెద్ద కూతురిని, కీర్తిశేషులు దానియేలు గారి భార్యను, డెబ్బై తొమ్మిదేళ్ల దాన్ని, మిషన్‌లో ముప్పై ఆరేళ్లు బైబిల్ ఉమన్‌గా ఊరూరా వాక్యం చెప్పి దిగిపోయిన జీవమ్మ అనే నేను, ఎవరిచేతా రాయించక, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా.

నా బుద్ధి సరిగానే ఉంది. గుండె చుట్టూ నీరు చేరింది, కాళ్లు వాచాయి, మంచం దిగి గడప దాటితే ఆయాసం వస్తుంది. తల మాత్రం చెడలేదు. మా ఊరి నర్సమ్మ స్వర్ణలత నిన్న పరీక్ష చేసినట్టు తేదీ, వారం, నెల అడిగింది. చెప్పాను. ఆమె రిజిస్టరులో తేదీ తప్పు వేసిందని కూడా చెప్పాను. ఈ కాగితం రాయమని నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. రాయొద్దని బలవంతపెట్టినవాడు ఒకడున్నాడు, నా కొడుకు జయరాజ్. కారణం చదివేవాళ్లకు ముందు ముందు తెలుస్తుంది.

ఇంతకు ముందు నేను వేరే వీలునామా ఏదీ రాయలేదు. ఎవరైనా ఏదైనా తెచ్చి చూపిస్తే అది చెల్లదు.

1. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత నా కూతురు కృపారాణిది. ఆమె కడపలో ఆసుపత్రి నర్సు. కొడుకు ఇంట్లోనే ఉండగా కూతురికెందుకు అప్పగించావని అడుగుతారు. జయరాజ్ మంచివాడు, సంఘంలో పెద్ద, తల్లి పరువంటే వాడికి ప్రాణం. అందుకే వాడి చేతిలో పెడితే ఇందులో ఐదో అంశం ఉన్న కాగితం ఎలుక కొట్టేస్తుంది. కృపారాణికి అంత భక్తి లేదు, ఇచ్చిన పని మాత్రం చేస్తుంది.

నేను పోయిన తర్వాత వచ్చే మొదటి ఆదివారం, మా గుడిలో రొట్టె విరవడానికి ముందు, ఈ కాగితం మొత్తం చదవాలి. సంఘం ఒప్పుకోకపోతే గుడి బయట నిలబడి చదవాలి. మధ్యలో దగ్గు తెచ్చుకుని ఏ ముక్కా దాటేయకూడదు.

2. మా నాపబండల ఇల్లు, రెండు గదులు, వంటసాల, పెరడు, పెరట్లో ఉన్న నిమ్మచెట్టుతో సహా నా తదనంతరం జయరాజ్‌కు చెందుతుంది. వాడు సర్వహక్కులతో అనుభవించవచ్చు. ఆ ఇంటికి నేల పరిచింది వాడే. బేతంచెర్ల పాలీషు ఫ్యాక్టరీలో పనికి కుదిరిన ఏడాది, అంచు విరిగిన బండలు ఏరుకొచ్చి ఒక్కొక్కటే అతికాడు. ఆ నేల మీద కాలు పెడితే వేసవిలో కూడా చల్లగా ఉంటుంది. ఈ మాట వాడితో ఎప్పుడూ అనలేదు, అనాల్సింది.

కృపారాణికి నా చెవి కమ్మలు, కుట్టు మిషను. మిషను పెడలు బిగుసుకుపోయింది, నూనె వేస్తే తిరుగుతుంది. దానితో పాటు నా ఊలు శాలువా కూడా. ఎనిమిదో తరగతిలో దాన్ని హాస్టలుకు పంపేటప్పుడు అడిగితే ఇవ్వలేదు, చలి నాకూ ఉందన్నాను. ఇప్పుడు కడపలో చలి ఎక్కడిది అని అది నవ్వుతుంది. అయినా తీసుకోవాలి.

3. ఊరికి పడమర, గని దారి పక్కన, నా స్వార్జితమైన మెట్ట పొలం రెండెకరాల డెబ్బై సెంట్లు. దీన్ని సమానంగా మూడు భాగాలు చేయాలి. ఒకటి జయరాజ్‌కు, ఒకటి కృపారాణికి, ఒకటి నా చెల్లెలు ప్రేమమ్మ కొడుకు ఈరేష్‌కు. బోరు జయరాజ్ భాగంలో పడుతుంది. నీళ్లు మాత్రం ముగ్గురివీ. మూడు భాగాలూ ఒకే కొలత ఉండాలి, గట్టు పేరు చెప్పి ఎవరూ జానెడు కూడా లాగరాదు.

ఈరేష్ బండల లారీ తోలుతాడు. మొదటిసారి మా ఇంటి గడప తొక్కి ఏడాది కూడా కాలేదు. ఈ అంశం జయరాజ్‌కు చెప్పినప్పుడు వాడు అరవలేదు, మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాడు. "నాకు మీసం రాకముందు నుంచి ఆ చేన్లో రాళ్లు ఏరినానమ్మా. వాడు మొన్న వచ్చినాడు. ఇద్దరికీ ఒకటేనా?" అన్నాడు.

జయరాజూ, నువ్వు అన్నది న్యాయమే. ఎండ నీ వీపు మీదే పడింది. నన్ను ఆసుపత్రికి మోసింది నువ్వే. నువ్వన్న మాటే నేనూ ఒకసారి అన్నాను, పైకి కాదు, లోపల. అని ఊరుకోలేదు కూడా. దాని ఫలితం ఐదో అంశంలో ఉంది. నీకు రావలసింది నీకు తక్కువ చేయలేదు. అది తప్ప వేరే సమాధానం నాకు దొరకలేదు.

4. నా ట్రంకు పెట్టెలో అడుగున, గుడ్డలో చుట్టి, ఒక ఫోటో ఉంది. ప్రేమకు పదేళ్లప్పుడు క్రిస్మస్ నాటకంలో దేవదూత వేషం వేసింది. రెక్కలు అట్టముక్కలు. ఒక రెక్క జారిపోయి వీపు మీద వేలాడుతుంటే కూడా నవ్వుతూ నిలబడింది. ఆ ఫోటో ఈరేష్‌కు చెందుతుంది. వాడి దగ్గర తల్లి చిన్నప్పటి బొమ్మ ఒక్కటీ లేదట. యాభై ఏళ్లు నేను దాచిపెట్టాను కాబట్టి లేదు.

ప్రేమ నాకంటే తొమ్మిదేళ్లు చిన్నది. తల్లి లేని పిల్ల. పాటలు నేర్పింది నేను. పంతొమ్మిదో ఏట గనిలో బండలు కోసే నరసింహతో వెళ్లిపోయింది. అతను మా దేవుణ్ణి నమ్మినవాడు కాదు. మా నాయన లేవి అప్పుడు సంఘ పెద్ద. ఆదివారం అందరి ముందూ సంఘం పుస్తకం తెరిచి కూతురి పేరు కొట్టేశాడు. పెన్ను అందించింది నేను. ఇరవై నాలుగేళ్ల తర్వాత ప్రేమ జ్వరంతో పోయింది. గుడి తోటలో మా అమ్మ పక్కన పెట్టమని కబురు చేసింది. సంఘం కుదరదంది. గోడ అవతల, గని వాళ్లు చెత్తరాయి పోసే చోట పూడ్చారు. నేను వెళ్లలేదు.

ఆ కోపమంతా నరసింహ మీద పెట్టుకున్నాను. నాయన మీద పెట్టుకోవలసింది, సంఘం మీద పెట్టుకోవలసింది, పెన్ను అందించిన చేతి మీద పెట్టుకోవలసింది. వాటి మీద పెట్టుకుంటే నాకు నిలబడటానికి చోటుండేది కాదు. నరసింహ బయటివాడు, తేలిక.

5. ఇది ఆస్తి కాదు. నా వెనుక నేను వదిలిపెట్టి పోయేవాటిలో ఇదే బరువైనది కాబట్టి వీలునామాలోనే రాస్తున్నాను.

మా గుడిలో ప్రభువు బల్లకు, అంటే ప్రభువును తలచుకుని రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడానికి, ఒక వరుస ఉంది. పెద్ద కరువు తర్వాత తెల్లదొరసాని వచ్చినప్పుడు మొదట బాప్తిస్మం తీసుకున్నవి ఐదు ఇళ్లు. రొట్టె, గిన్నె ముందు ఆ ఇళ్లవాళ్లకే. తర్వాత ఎవరు ఏ ఏడాది వచ్చారో ఆ క్రమంలో. ముప్పై ఏళ్ల కిందట వచ్చినవాళ్లను కూడా మేం కొత్తవాళ్లనే అంటాం. వాళ్ల పిల్లలు కూడా కొత్తవాళ్లే. ఐదు ఇళ్లలో మాది మొదటిది. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి గిన్నె అంచు మీద మొదట ఆనిన పెదవులు మా ఇంటివే. దాన్ని ఎవరూ తప్పనలేదు. నాకూ తప్పనిపించలేదు.

ప్రతి నెలా మొదటి ఆదివారానికి ద్రాక్షరసం కాచే పని ముప్పై ఎనిమిదేళ్లు నాది. డోన్ నుంచి నల్ల ద్రాక్ష తెప్పించి, చిదిమి, గింజ రాకుండా పల్చటి గుడ్డలో వడగట్టి, కాచి, చల్లార్చి కూజాలో పోయాలి. తొంభై ఆరు మందికి కూజా మెడదాకా పోస్తే ఆఖరి మనిషికి కూడా గుటక మిగులుతుంది. ఆ కొలత నా చేతికి తెలుసు. ఒక్కసారి కూడా తప్పలేదు.

ఈ ఏడాది ఫిబ్రవరిలో నరసింహ బాప్తిస్మం తీసుకున్నాడు. డెబ్బై రెండేళ్లు. గనిలో మింగిన దుమ్ము రొమ్ములో గడ్డకట్టి, రెండు మాటలకు ఒకసారి ఆగి ఊపిరి తీసుకునేవాడు. మా పాస్టరు యేసుప్రసాద్ గారు కుర్రవాడు, ఎందుకు నమ్మాడో సాక్ష్యం చెప్పమని అడిగారు. నరసింహ పెద్దగా ఏమీ చెప్పలేదు. వంట చేస్తూ తన భార్య పాడేదని, ఆమె పోయాక ఇల్లు మూగబోయిందని, ఆ పాటలున్న చోటికి రావాలని ఎన్నాళ్లుగానో ఉన్నా మొహం చెల్లలేదని చెప్పాడు. గుడిలో ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. నాకు కడుపు మండింది. ఆ పాటలు దానికి నేర్పింది నేను. ఆ పిల్ల గోడ అవతల చెత్తరాయి కింద ఉంది. దాన్ని తీసుకుపోయినవాడు రొమ్ములో దుమ్ముతో, చేతులు ఊపుకుంటూ వచ్చి, అరపూటలో మా అందరితో సమానమైపోయాడు. డెబ్బై తొమ్మిదేళ్లు నేను పడ్డది దేనికి?

చదివేవాళ్లు నవ్వుకోవచ్చు. ద్రాక్షతోట కూలీల కథ నేను చెప్పినన్నిసార్లు ఈ తాలూకాలో ఎవరూ చెప్పి ఉండరు. పొద్దున్నే పనికి కుదిరినవాడికీ, సాయంత్రం ఐదింటికి వచ్చినవాడికీ యజమాని ఒకే కూలి ఇచ్చిన కథ. మిషన్ వాళ్లు నన్ను కోసిగి వైపు వేసినప్పుడు, సుగ్గికి, అంటే పంటకోతల పనులకు, గుంటూరు దిక్కు వలసపోయే ఆడకూలీలకు ఎన్నోసార్లు చెప్పాను. వాళ్లు ఎప్పుడూ ఇదేం న్యాయమమ్మా అని అడ్డుపడేవాళ్లు. ఒకసారి మాత్రం ఒక ముసలామె అడ్డుపడలేదు. మూట మీద కూర్చుని, "కూలి దొరకని దినం చేసిన దినం కంటే పొడుగుంటాదమ్మా. ఆ సాయంత్రం వచ్చినోడు పొద్దంతా నిలబడే ఉన్నాడు గదా" అంది. నేను బాగా చెప్పావని తలూపి, తర్వాతి ఊరికి పోయాను. ఆ మాట నాకు చెప్పిందని అప్పుడు అనిపించలేదు.

మార్చి మూడో తేదీ, నరసింహకు మొదటి బల్ల. ఆ రోజు నేను రసమంతా కూజాలో పోయలేదు. ఒక చిన్న చెంబు నిండా పక్కకు తీసి, పక్క గదిలో గుడ్డ కప్పి పెట్టాను. ఏం చేస్తున్నానో బాగా తెలిసే చేశాను.

వరుస ప్రకారం అందరికీ గిన్నె వెళ్లింది. నేను మొదట తాగాను. ఆఖరి వరుసలో ఐదుగురు. నలుగురికి నాలుక తడిసింది. ఐదో మనిషి నరసింహ, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, రెండు చేతులూ దోసిలిపట్టి నిలబడ్డాడు. పాస్టరు గారు కూజా వంచారు, రాలేదు. ఇంకా ఉందా అన్నట్టు నా వైపు చూశారు. ఉంటే మళ్లీ ప్రార్థించి పోసేవారు. నేను లేదని తల అడ్డంగా ఊపాను. ప్రభువు బల్ల ముందు అబద్ధమాడాను. జీవమ్మ లేదంటే లేదనే అందరూ అనుకున్నారు. ఆయన వచ్చే నెల తీసుకుందువులే తాతా అని నరసింహ భుజం తట్టి ఆశీర్వాదం చెప్పేశారు.

అందరూ వెళ్లాక ఆ చెంబు గుడి వెనక బండ మీద వంపేశాను. ఇంటికి తెచ్చుకోవడానికి కూడా మనసొప్పలేదు. ముందుకు వచ్చేసరికి నరసింహ గోడ పట్టుకుని మెల్లగా నడుస్తూ వస్తున్నాడు. ఈరేష్ బండి తేవడానికి పోయాడట. నన్ను చూసి ఆగాడు. ఊపిరి తీసుకుని, "ఏమీ కాదులే వదినమ్మా. వచ్చే నెల మళ్లా వస్తాది గదా ఆదివారం" అన్నాడు. యాభై ఏళ్లలో అతను నాతో అన్న మొదటి మాట అది.

అతనికి వచ్చే నెల రాలేదు. మార్చి ఇరవై ఐదున పోయాడు. మా ప్రభువు బల్ల దగ్గర ఒక్కసారి కూడా తాగకుండా పోయాడు.

అప్పటి నుంచి నేనూ తాగలేదు. ఆగస్టులో మంచం పట్టేదాకా రసం కాచాను, కూజా నింపాను. గిన్నె మా వరుసకు వచ్చే సమయానికి సామాన్లు కడిగే నెపంతో పక్క గదిలోకి పోయేదాన్ని. ఇది ఎవరూ కనిపెట్టలేదు. నా మీద అందరికీ ఉన్న గౌరవం అంత గొప్పది.

జయరాజ్‌కు ఈ సంగతి అక్టోబరులో చెప్పాను. వాడు తలుపు దగ్గరగా వేసి వచ్చి, ఈ మాట మన ఇద్దరి మధ్యే ఉండాలన్నాడు. దేవుడికి చెప్పుకున్నావు కదా, చాలన్నాడు. ఊరికి చెబితే ఐదు ఇళ్ల పరువు పోతుందన్నాడు. పోవలసింది అదే కదా.

6. రసం కాచే గిన్నె, గరిటె, వడగట్టే గుడ్డలు నా సొంతం. కూజా, బల్ల గిన్నె సంఘానివి. నా సొంతమైనవి రామలక్ష్మమ్మకు చెందుతాయి. మా వెనక వీధిలో ఉంటుంది. ఆమె మొగుడు పోయాక నాలుగేళ్ల కిందట బాప్తిస్మం తీసుకుంది, ఆఖరి నుంచి రెండో వరుస. ఆగస్టు నుంచి నా బదులు రసం కాస్తున్నది ఆమే. మొదట్లో రెండుసార్లు మాడబెట్టింది. నేను తిట్టాను. మూడోసారి నుంచి నాకంటే బాగా కాస్తోంది, ఈ మాట కూడా ఆమెకు చెప్పలేదు. ఆ పని ఆమెకే ఉంచమని సంఘానికి మనవి.

ఇంకొక మనవి. వరుస తీసేయండి. ఆఖరివాళ్లను ముందు పెట్టమని అడగడం లేదు, అలా పెడితే పదేళ్లకు అదొక కొత్త వరుస అవుతుంది, దానికీ పెద్దలు తయారవుతారు. ఎవరు ఎక్కడ కూర్చుంటే అక్కడి నుంచే ఇవ్వండి. సంఘం నా సొత్తు కాదు, వీలునామాలో రాసి ఇవ్వడానికి నాకు హక్కు లేదని తెలుసు. అడుగుతున్నాను, అంతే.

7. గుడి లోపల కుడి గోడకు నా పేరుతో ఒక బండ ఉంది. రసం కాచినందుకు ముప్పై ఎనిమిదేళ్ల సేవ అని చెక్కారు. జయరాజ్ తన చేత్తో పాలీషు పట్టాడు. దాన్ని పీకి, అక్షరాలు కిందికి చేసి, కొళాయి దగ్గర కాళ్లు కడుక్కునే చోట వేయాలి.

నన్ను గుడి తోటలో మొదటి ఇళ్ల వరుసలో పెట్టకూడదు. గోడ అవతల, చెత్తరాయి దగ్గర పెట్టాలి. పాట పాడకూడదు. చనిపోయే ముందు నాకు ఎవరూ గిన్నె తీసుకురాకూడదు. పాస్టరు గారు ఇప్పటికి రెండుసార్లు ఇంటికి తెస్తానన్నారు, వద్దన్నాను. నరసింహను ఆగమన్నాం, నేనూ ఆగుతాను. ఆగి, తాగకుండానే పోతాను. ఇది నా తీర్పు, దీన్ని ఎవరూ మార్చకూడదు.

*

నవంబరు ఇరవై, బుధవారం. పైన రాసినదాన్ని మడిచి దిండు కింద పెట్టి ఆరు రోజులైంది. సంతకానికి ముందు ఒక పని మిగిలింది. గుడిలో నలుగురి మధ్య వినకముందు ఈరేష్‌కు నా నోటితో నేను చెప్పాలి. వాడు మద్రాసులో బండలు దించి నిన్న తిరిగివచ్చాడు. కబురు పంపితే లారీ బట్టలతోనే వచ్చాడు.

స్టూలు మీద కూర్చోబెట్టి ఐదో అంశం చదివి వినిపించాను. మధ్యలో రెండుసార్లు ఆయాసం వచ్చి ఆగాను. వాడు నేల వైపు చూస్తూ విన్నాడు. కొడతాడేమో అనుకున్నాను, కొట్టినా బాగుండేది. అంతా అయ్యాక మంచం పక్కనున్న నీళ్ల గ్లాసు నా చేతికిచ్చాడు.

"నాకు తెలుసు పెద్దమ్మా" అన్నాడు. "నువ్వు చెంబు వంచేది మా నాయన చూసినాడు. దగ్గొచ్చి గుడి వెనకాల గోడ మలుపు చాటున కూర్చోనుండె. ఆ దినమే బండి మీద పోతా చెప్పినాడు."

అంటే, గోడ పట్టుకుని నా ఎదురుగా వచ్చినప్పటికే అతనికి తెలుసు. తెలిసీ నాతో వచ్చే నెల మాట అన్నాడు. ఇన్ని నెలలుగా ఈరేష్‌కూ తెలుసు. జూలైలో మా పొలానికి ఊరికే ఎరువు తోలిచ్చినప్పుడూ తెలుసు. మరి నన్ను ఒక్క మాట కూడా ఎందుకు అడగలేదని అడిగాను. గట్టిగా అడిగితే చెప్పాడు.

"నేను అడుగుదామని బండి దిగినా. మా నాయన పట్టుకున్నాడు. 'మీ పెద్దమ్మను ఏమీ అనొద్దురా. ఆయమ్మ పొద్దున్నించి పనిలో ఉండాది. అలిసిపోయింటాది' అన్నాడు."

ఈ మాట విన్న తర్వాత నాకు ఏడుపు రాలేదు, హాయి కూడా కలగలేదు. క్షమించాడు, సంతోషించాలి అని బైబిల్ ఉమన్‌గా ఎంతమందికి చెప్పానో. సంతోషం రాలేదు. సిగ్గు ఇంకా పెరిగింది. కానీ ఒకటి నిజం. డెబ్బై తొమ్మిదేళ్లలో నువ్వు అలిసిపోయావు అని నా గురించి అనుకున్న మనిషి ఒక్కడు, అతను. మా నాయన అనలేదు. దానియేలు అనలేదు. సంఘం నా పేరు బండ మీద చెక్కింది కానీ ఆ మాట అనలేదు. నేనే అనుకోలేదు. అలిసిపోయి, అలిసిపోయానని తెలియక, సాయంత్రం వచ్చినవాడి మీద పడ్డాను.

ఈరేష్ వెళ్లాక ఏడో అంశం మళ్లీ చదువుకున్నాను. అందులో నాకు నేనే శిక్ష వేసుకున్నాను, నా కొలతతో, నా చేత్తో. అతనికి ఎంత అందాలో నిర్ణయించింది కూడా ఆ చెయ్యే. అందుకని ఏడో అంశంలో బండ సంగతి తప్ప మిగిలినదంతా రద్దు చేస్తున్నాను. అడ్డగీత నేనే గీశాను, పక్కన నా పొడి సంతకం ఉంది. నన్ను ఎక్కడ పెట్టాలో కృపారాణి, జయరాజ్, ఈరేష్ ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోవాలి. ముగ్గురిదీ సమానమైన మాట. పాట పాడాలనిపిస్తే పాడుకోవచ్చు. మూడో అంశంలో ఏ మార్పూ లేదు. ఈరేష్ పొలం వద్దన్నాడు, వద్దన్నా అది వాడిదే.

జయరాజ్‌తో పాస్టరు గారికి కబురు పంపాను. రేపు పొద్దున గిన్నె తెస్తానన్నారు. జయరాజ్, కోడలు, రామలక్ష్మమ్మ, వీధిలో రాదలచినవాళ్లు ముందు తీసుకుంటారు. నేను ఆఖరున తీసుకుంటాను. కూజా నింపేది రామలక్ష్మమ్మ. ఇంటికి ఎంతమంది వస్తారో ఆమెకు తెలియదు, నేను చెప్పను. నా దాకా వస్తే తాగుతాను. రాకపోతే, ఏమీ కాదులే, వచ్చే నెల ఉంది కదా అని నేనూ అనాలి. ఆ మాట నా నోటికి వస్తుందో రాదో నాకు తెలియదు.

ఇది తెలిసి, చదువుకుని, నా ఇష్టపూర్తిగా చేసిన సంతకం.

రాళ్లకొత్తూరు
20-11-2024

(సంతకం) జీవమ్మ

సాక్షులు (ఈ వీలునామా వల్ల వీరిద్దరికీ ఏమీ రాదు, జీవమ్మ గారు మా ఎదుట సంతకం చేయగా చూసి, ఆమె ఎదుట మేము సంతకం చేశాం):

1. (సంతకం) ఉమామహేశ్, ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు, రాళ్లకొత్తూరు
2. (సంతకం) స్వర్ణలత, ఆరోగ్య ఉపకేంద్రం నర్సు, రాళ్లకొత్తూరు